లెక్క వేరు, తూకం వేరు

354. తెలంగాణ సాహిత్యం గురించి ఎవరు ఏ సభలో మాట్లాడినా ఎక్కడో ఒకచోట ఈ అంకె వచ్చి తీరుతుంది. నిజాం రాజ్యంలో తెలుగు కవులు లేనట్టే అన్న అర్థం వచ్చేలా ముడుంబై వెంకట రాఘవాచార్యులు ఒక మాట అనడం, అది చూసి ఒళ్ళు మండిన సురవరం ప్రతాపరెడ్డి ఊరూరి నుంచీ పద్యాలు తెప్పించి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ అచ్చువేయడం, అందులో 354 మంది కవులు లెక్కతేలడం. ఈ కథ మనందరికీ తెలుసు. ఉస్మానియా క్యాంపస్‌లో చెట్ల కింద గ్రూప్స్‌కి చదువుకునే ఎవర్ని అడిగినా తడుముకోకుండా చెప్తారు. ఎవరు? సురవరం. ఎప్పుడు? 1934. ఎంతమంది? 354.

దాని తర్వాత రావాల్సిన ప్రశ్న ఏ గైడులోనూ కనపడదు. ఆ 354 మందిలో బాగా రాసింది ఎవరు?

ఈ ప్రశ్న నేను చాలామందిని అడిగాను. తెలుగు ఎం.ఏ. చేసినవాళ్ళని, పీహెచ్‌డీ చేస్తున్నవాళ్ళని, రెండు మూడు పుస్తకాలు వేసిన కవుల్ని. సంచిక పేరు ఎత్తగానే గర్వంగా తల ఊపినవాళ్ళే, అందులోంచి మీకు నచ్చిన పద్యం ఒక్కటి చెప్పండి అనేసరికి టీ కప్పులోకి చూశారు. ఇందులో సురవరాన్ని అనాల్సింది ఏమీ లేదు. ఆయన ముందున్న ప్రశ్న ‘ఉన్నారా, లేరా’ అన్నది. లేరన్నవాడికి లెక్క చూపించడమే సరైన జవాబు. అప్పుడు ఆయన వడపోసి ఏ ముప్పై మందినో వేసి ఉంటే ‘ఇంతేనా మీ కవులు’ అనేవాళ్ళు. వడపోత ఆయన పని కాదు, ఆ పని తర్వాతి వాళ్ళకి వదిలాడు. తర్వాతి వాళ్ళంటే మనమే. తొంభై ఏళ్ళు దాటాక కూడా తూకం అడిగితే లెక్క చూపించే ఈ అలవాటు ఉంది చూడండి, నా గొడవంతా దానితోనే.

లెక్క అంటే ఎవరు రాస్తున్నారు, ఏ ఊరు, ఏ కులం, ఏ భాష, ఇంతకాలం ఎవరి నోరు నొక్కారు, ఇప్పుడు ఎవరికి చోటు దొరికింది అన్న సంగతి. తూకం అంటే ఈ కవిత, ఈ కథ, ఈ పాట, ఇదిగో నా చేతిలో ఉన్న ఈ ఒక్కటి, ఎట్లా ఉంది అన్న సంగతి. రెండూ అవసరమే. రెండూ ఒకటి కాదు.

మనవాళ్ళు తూకం అంటే ఎందుకు జంకుతారో నాకు అర్థం కాక కాదు. తూకం రాళ్ళు ఎప్పుడూ ఎవరో ఒకరి ఇంట్లోవే. సంచిక వచ్చిన 1934లోనే ఆర్ట్స్ కాలేజీ భవనానికి పునాదిరాయి పడింది. ఉర్దూలో చదువు చెప్పే ఆ యూనివర్సిటీలో తెలుగు శాఖకి తొలిరోజుల్లో పెద్దదిక్కు రాయప్రోలు సుబ్బారావు. అందం అంటే ఏమిటో పద్యాల్లోనే చర్చిస్తూ ‘రమ్యాలోకం’ రాసినాయన. అమలిన శృంగారం అన్న మాట ఆయన పేరుతోనే గుర్తుంటుంది. అంటే నగరంలో ఒకపక్క కవుల్ని లెక్కపెట్టే పని, ఇంకోపక్క కవిత్వం ఎట్లా ఉండాలో చెప్పే పని, రెండూ ఆ కాలంలోనే నడిచాయి. రాయప్రోలు రాళ్ళు చాలా నాజూకైనవి. వాటితో తూస్తే మలినం అంటిన ప్రేమ ఏదీ త్రాసులోకే ఎక్కదు. తర్వాత 1993లో ‘నీలిమేఘాలు’ వచ్చినప్పుడు, 1995లో ‘చిక్కనవుతున్న పాట’ వచ్చినప్పుడు, ఇది కవిత్వమా, నినాదమా, ఒంటి గురించి ఇట్లా రాయొచ్చా, తిట్టు కవిత్వం అవుతుందా అని అడిగినవాళ్ళందరి చేతుల్లోనూ ఏవో పాత రాళ్ళే ఉన్నాయి. ఆ రాళ్ళని విసిరి పారేయడం న్యాయమే. కానీ రాళ్ళతో పాటు త్రాసునే పారేశాం. ఇక ఎవరూ ఎవర్నీ తూచనక్కర్లేదు, అందరం అందరికీ శాలువాలు కప్పుకుంటే చాలు అన్న చోటికి వచ్చి ఆగాం.

అతిశయోక్తి అనుకుంటే ఈ నెలలో ఏదైనా పుస్తకావిష్కరణకి వెళ్ళి చూడండి. బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోనో, రవీంద్రభారతిలోనో, ఎక్కడైనా సరే. వేదిక మీద ఎనిమిది మంది. ఎనిమిది మందీ కవి ఎంత కష్టపడి పైకొచ్చాడో చెప్తారు, కవి వాళ్ళ నాన్న గురించి చెప్తారు, కవికీ తమకీ పరిచయం ఎట్లా అయ్యిందో చెప్తారు. ఒకరిద్దరు పుస్తకంలోంచి నాలుగు లైన్లు చదివి ‘అద్భుతం’ అంటారు. ఎందుకు అద్భుతమో చెప్పేలోపు సమయం అయిపోతుంది. ఇంటికొచ్చాక ఫేస్‌బుక్‌లో చూస్తే అదే అద్భుతం, గుండె బొమ్మలతో.

దీనివల్ల ఎవరికి నష్టం అంటారా? పేరున్న కవికి ఏం నష్టం లేదు, ఆయనకి ఎట్లాగూ అలవాటే. నష్టపోయేది కొత్తగా రాస్తున్నవాళ్ళు. అందులోనూ ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్ళు. ఓయూ హాస్టల్‌లో ఉండే ఒక తమ్ముడు నాకు తెలుసు. నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చాడు, వాళ్ళ అమ్మ బీడీలు చుడుతుంది. ఆమె గురించి ఒక కవిత రాసి ఒక సభలో చదివాడు. చప్పట్లు బాగా పడ్డాయి. పెద్దలు దగ్గరికి పిలిచి భుజం తట్టారు. ఆ సాయంత్రం తార్నాక చౌరస్తాలో మెట్రో స్టేషన్ కింద నిలబడి వాడు అన్న మాట నాకు ఇంకా చెవుల్లో ఉంది.

“అన్నా, సార్లకు నా బాధ నచ్చింది. కవిత నచ్చిందో లేదో ఒక్కలు గూడ చెప్పలే.”

నా దృష్టిలో ఈమధ్య కాలంలో తెలుగు విమర్శ మీద వచ్చిన మంచి విమర్శ ఇది. వాడు అడుగుతున్నది మెప్పు కాదు, చదవమని. ‘నీ జీవితం గొప్పది బాబూ’ అని భుజం తట్టి పంపేయడంలో ఒక రకమైన చులకన ఉంది. పక్కూరి పెద్ద కవి కవితకైతే ప్రతీక గురించి, నిర్మాణం గురించి మాట్లాడతారు. వీడి కవితకి మాత్రం వీడి పేదరికం గురించి మాట్లాడతారు. లెక్కలోకి రానిచ్చారు, త్రాసు దగ్గరికి రానివ్వలేదు.

ఇక తూకం ఎట్లా వేయాలి? నా దగ్గర సిద్ధాంతం లేదు గానీ ఒక ఆట ఉంది. తార్నాక నుంచి లాలాపేట వైపు పోయే దారిలో ఒక స్నేహితుడి అద్దె గది ఉంది. నెలకో ఆదివారం అక్కడ ఏడుగురం కలుస్తాం. కొందరం ఓయూ వాళ్ళం, ఇద్దరు ఇఫ్లూలో చదువుతున్నారు, ఒకామె బ్యాంకు ఉద్యోగి. కవితలు ప్రింట్ తీసుకొస్తాం, కవి పేరు లేకుండా. చదివి, ఎవరికి వాళ్ళం కాగితం మీద రాసుకున్నాకే నోరు తెరవాలి. ఐడియా మాది కాదు. కేంబ్రిడ్జిలో ఐ.ఎ. రిచర్డ్స్ తన క్లాసులో పిల్లలకి పేర్లు తీసేసిన కవితలు ఇచ్చి అభిప్రాయాలు రాయమన్నాడు. వాటిలో 13 కవితల మీద వచ్చిన రాతల్ని 1929లో ‘ప్రాక్టికల్ క్రిటిసిజం’ అన్న పుస్తకంలో విప్పి చూపించాడు. పెద్ద చదువులు చదువుతున్న ఆ పిల్లలు మహాకవుల్ని తీసిపారేసి, సాదాసీదా పద్యాల్ని నెత్తిన పెట్టుకున్న వైనం అందులో చదివితే భలే ధైర్యం వస్తుంది. పేరు లేకపోతే మనం ఎంత గుడ్డివాళ్ళమో తెలుస్తుంది. పేరుంటే ఎంత గుడ్డివాళ్ళమో మా గదిలో తెలిసింది.

ఒకసారి బాగా పేరున్న ఒక కవి కవిత వచ్చింది. ఏడుగురిలో ఆరుగురు పేలవంగా ఉందని రాశారు. పేరు చెప్పాక ముగ్గురు కాగితం వెనక్కి తీసుకుని మళ్ళీ చూశారు. ఒకాయన “అయితే ఆ మూడో లైన్‌లో ఏదో లోతు ఉండి ఉంటుంది” అన్నాడు. ఉండి ఉంటుంది! గది అంతా పకపకా నవ్వింది. ఆయన కూడా నవ్వాడు, కానీ మాట వెనక్కి తీసుకోలేదు. సినిమాల్లో స్టార్ ఇమేజ్ అంటే వెక్కిరిస్తాం గానీ మనమూ తక్కువ తినలేదు.

అయితే పేరు తీసేయడం అంత అమాయకమైన పని కాదని చెప్పింది కూడా ఆ గదే. బీడీల కవిత పేరు లేకుండా వచ్చిన రోజున ఇఫ్లూ అమ్మాయి ఒకామె, ఇది ఎవరో మధ్యతరగతి కవి పేదవాళ్ళని కిటికీలోంచి చూసి రాసినట్టుంది అని రాసింది. కారణం కూడా చూపించింది. కవితలో మొదటి చరణమంతా ‘అమ్మ’ అనే ఉంది, ఎక్కడా ‘మా అమ్మ’ అని లేదు. పక్కింటి పిల్లాడు కూడా అట్లా రాయగలడు. పేరు తెలిశాక, రాసినవాడు ఎదురుగా కూర్చున్నాడని తెలిశాక, ఆ ‘అమ్మ’ మారిపోయింది. ఇంట్లో పిలిచే పిలుపు అది. ‘మా’ అని చేర్చాల్సిన అవసరం బయటివాడికే. ఇది ‘లోతు ఉండి ఉంటుంది’ బాపతు కాదు. పేరు తెలియడం వల్ల ఆ మాటకి నిజంగానే అర్థం పెరిగింది. తెలుగులో గత ముప్పై ఏళ్ళ కవిత్వాన్ని పేర్లు తీసేసి చదువుతామంటే సగం చదువు ఎగ్గొట్టినట్టే. ‘చిక్కనవుతున్న పాట’లో ‘నేను’ అంటున్నది ఎవరో తెలియకుండా ఆ ‘నేను’ బరువెంతో ఎట్లా చెప్తాం? రిచర్డ్స్ క్లాసులో పిల్లలంతా దాదాపు ఒకే మెట్టు మీద కూర్చున్నవాళ్ళు. మనం ఏ గదిలో కూర్చున్నా ఒకే మెట్టు మీద కూర్చోం.

కాబట్టి ఇప్పుడు మేం రెండుసార్లు చదువుతున్నాం, ఒకసారి పేరు లేకుండా, ఒకసారి పేరుతో. రెండింటి మధ్య ఏం మారిందో, ఎందుకు మారిందో మాట్లాడుకుంటాం. బీడీల కవిత విషయంలో రెండోసారి చదివినా మారనిది ఒకటి మిగిలింది. మూడో చరణం.

మొదటి రెండు చరణాల్లో నానబెట్టిన తునికాకు వాసన ఉంది. ఒళ్ళో చాట, చాటలో కత్తెర, దారం. బీడీ మూతి మడవడానికి బొటనవేలి గోరు ఎట్లా వాడుతుందో, ఆ గోరు విరిగిన వారం ఇంట్లో సరుకులు ఎట్లా తగ్గాయో ఉంది. గోరుకీ బియ్యానికీ మధ్య ఆ లంకె వేసినచోట నా చెయ్యి కాగితం మీద ఆగిపోయింది. ఆ లంకె నాకు ఎవరూ చెప్పలేదు, ఏ రిపోర్టులోనూ చదవలేదు, రాసినవాడికి కూడా రాసేదాకా తెలిసి ఉండదేమో అనిపించింది. మూడో చరణంలో అమ్మ హఠాత్తుగా భూమాత అయిపోతుంది. నేల, ఆకాశం, యుగాలు, ఎర్రటి ఉదయం. అంతా చక్కటి మాటలే. కానీ చేతులు మాయమయ్యాయి. గోరు మాయమయ్యింది. అవి బీడీలు చుట్టే అమ్మకే కాదు, బట్టలు కుట్టే అమ్మకి, రాళ్ళు కొట్టే అమ్మకి, ఏ అమ్మకైనా సరిపోతాయి. ఎవరికైనా సరిపోయే చొక్కా ఎవరి కొలతలకీ కుట్టింది కాదు. సభలో చప్పట్లు పడ్డది కచ్చితంగా అక్కడే అని వాడే చెప్పాడు.

నేను రాసేటప్పుడు గానీ, ఎవరిదైనా చదివేటప్పుడు గానీ చూసేది ఇదే. ఈ వాక్యం రాయకముందు తెలియనిది ఏదైనా రాశాక తెలిసిందా? తెలియకపోతే అది సొంత వాక్యం కాదు, ఊళ్ళో తిరిగే వాక్యం వచ్చి మన కవితలో కాసేపు కూర్చుంది అంతే. అంతకుమించి అందం, శిల్పం, రసం అని పెద్ద మాటలు నేను వాడలేను.

అమ్మ భూమాత అయిపోయే ఈ జబ్బు కుర్రాళ్ళకే అని అనుకుంటే పొరపాటు. ఇదే క్యాంపస్‌లో ఉర్దూ మాధ్యమంలో చదువుకుని, ఇదే తెలుగు శాఖలో పాఠాలు చెప్పి, ఆధునికాంధ్ర కవిత్వంలోని సంప్రదాయాల మీదా ప్రయోగాల మీదా తెలుగువాళ్ళంతా ఇప్పటికీ తిరగేసే సిద్ధాంత గ్రంథం రాసిన సి. నారాయణరెడ్డి దగ్గరికి వెళ్దాం. 1980లో వచ్చిన ‘విశ్వంభర’కి 1988లో జ్ఞానపీఠం వచ్చింది. తెలుగులో విశ్వనాథ తర్వాత ఆ గౌరవం ఆయనకే. ఆ కావ్యానికి మానవుడే నాయకుడు, ఈ విశాల భూమే రంగస్థలం. పేరులోనే భూమి ఉంది.

‘విశ్వంభర’ని నేను మూడుసార్లు మొదలుపెట్టి చివరిదాకా చదివాను. ఆయనకి మాట రావడంలో ఇబ్బందే లేదు, అసలు సమస్య అదే. ప్రతి పంక్తీ నునుపుగా జారుతుంది. మనిషి పడ్డాడు, లేచాడు, వెతికాడు, గెలిచాడు. ఒక్క పంక్తితో కూడా నాకు పేచీ లేదు, ఒక్క పంక్తి దగ్గర కూడా నేను ఆగలేదు. ఆ మానవుడికి ఊరు లేదు, ఆకలి వేసే వేళ లేదు, అప్పు లేదు, విరిగే గోరు లేదు. అన్ని కాలాల మనుషులూ కలిసి ఒక్క మనిషి అవ్వాలంటే అవన్నీ తీసేయక తప్పదనుకుంటాను. ‘మానవుడు’ అన్న మాటని అంత ఎత్తున నిలబెట్టడం తెలుగులో గొప్ప సాహసమే, ఒప్పుకుంటాను. అయినా పుస్తకం మూసేశాక నాకు ఒక మనిషి ముఖం గుర్తుండదు.

అదే మనిషి 1962లో ‘గులేబకావళి కథ’కి రాసిన పాటలు తీసుకోండి. ఘంటసాల, సుశీల పాడిన ఆ యుగళగీతం మా అమ్మమ్మ పాడుతుంది, ఆటో డ్రైవర్ ఈల వేస్తాడు, నేను బస్సులో చెవిలో పెట్టుకుని వింటాను. పాపులర్ కాబట్టి గొప్పది అనడం లేదు, అట్లా అంటే మళ్ళీ లెక్కే అవుతుంది. నేను చూసేది అందులో ఆయన చేతులకి ఎన్ని కట్లున్నాయన్నది. ఇద్దరు మనుషులు, ఒకరు ఒక మాట అంటే రెండోవాళ్ళు దానికే జవాబు చెప్పాలి. వరుస కొలత దాటకూడదు. పాడేవాళ్ళకి ఊపిరి అందాలి. జానపద సినిమా కాబట్టి మాటకి కొంచెం పాతదనం ఉండాలి, థియేటర్లో నేలటికెట్ వాడికి అర్థమూ కావాలి. ఇన్ని కట్ల మధ్య ఆయన ఆకాశంలోకి ఎగిరిపోయే వీల్లేదు. ఎదురుగా ఉన్న మనిషితోనే మాట్లాడాలి. అందుకే ప్రతి మాటా ఎవరిదో ఒకరి నోట్లోంచి వచ్చినట్టుంది. ‘విశ్వంభర’ రాసేటప్పుడు ఆయన్ని ఆపేవాళ్ళు లేరు, సినిమాలో ప్రతి అడుగుకీ ఉన్నారు. నన్నడిగితే నారాయణరెడ్డి కవిగా గట్టిగా నిలిచింది ఆపిన చోటే. ఈ మాట ఆయన శిష్యుల ముందు అంటే కోప్పడతారని తెలుసు. కోప్పడి, ‘విశ్వంభర’లోంచి ఏ పది పంక్తులు నా మాట తప్పని నిరూపిస్తాయో చూపిస్తే సంతోషంగా వింటాను. జ్ఞానపీఠం వచ్చింది కదా అంటే మాత్రం వినను.

ఇక్కడ నా త్రాసుకి లొంగనిది ఒకటుంది, దాటవేయడం ఇష్టం లేదు. అందెశ్రీ ‘జయజయహే తెలంగాణ’. బడికి పోని మనిషి, పశువులు కాసి, తాపీ పని చేసి బతికిన మనిషి కట్టిన పాట. 2010 జనవరి 3న ఉస్మానియాలో విద్యార్థి గర్జన జరిగిన ఆ రోజుల్లో క్యాంపస్‌లో ఉపన్యాసం కన్నా పాటే ముందు నడిచేది. కాగితం మీద పెట్టి నేను పైన చెప్పిన పద్ధతిలో చదివితే ఈ పాట నెగ్గదు. పోతన, రుద్రమ, కొమురం భీం, రామప్ప, చార్మినార్, అంతా పేర్ల వరస. సురవరం లెక్కే మళ్ళీ, ఈసారి పాటగా. ‘మాకెవరున్నారు అన్నారు కదా, వినండి’ అని ఒక్కొక్కరినీ పిలవడం. రాసేటప్పుడు కొత్తగా ఏం తెలిసింది అన్న ప్రశ్నకి ఇందులో జవాబు లేదు.

కానీ ఆ ప్రశ్న దీన్ని అడగొచ్చా? ఇది ఒంటరిగా గదిలో చదువుకోవడానికి రాసింది కాదు. శిక్షణ లేని వెయ్యి గొంతులు ఒకేసారి ఎత్తుకుంటే విడిపోకుండా నిలబడాలి, అది దాని పని. పేరు వచ్చిన ప్రతిచోటా ఎవరో ఒకరి గొంతు ‘ఇది నాది’ అని లేవాలి. ఆ పనికి తగ్గ రాళ్ళు వేరే ఉంటాయి. ఉదాహరణకి, ఎత్తుగడ పిల్లలకి అందే శ్రుతిలో ఉందా, ఊపిరి తీసుకోవడానికి చోటుందా, ఒక చరణం మర్చిపోయినవాడు తర్వాతి దాంట్లో కలవగలడా. 2024 జూన్ 2న కీరవాణి సంగీతంతో ఇది రాష్ట్ర గీతంగా వచ్చింది, రెండున్నర నిమిషాల చిన్న రూపం, పదమూడున్నర నిమిషాల పూర్తి రూపం. అప్పుడు పెద్ద చర్చే జరిగింది. ఎక్కువగా దేని మీద? సంగీతం కట్టే అవకాశం ఎవరికి ఇచ్చారు, ఎవరికి ఇవ్వలేదు అన్నదాని మీద. అడగాల్సిన ప్రశ్నే, కాదనను. కానీ ఆ రెండున్నర నిమిషాలు జనగామలోనో జడ్చర్లలోనో ఏడో తరగతి పిల్లలు మైకు లేకుండా పాడగలరా అన్న చర్చ అంత గట్టిగా నా చెవిన పడలేదు. అందెశ్రీ 2025 నవంబరులో పోయారు. నివాళుల్లో ఆయన జీవితం గురించి బోలెడు రాశారు. ఆ పాట పాటగా ఎట్లా పనిచేస్తుంది అన్నది మాత్రం ఇంకా ఎవరో ఒకరు కూర్చుని రాయాల్సే ఉంది. సంగీతం తెలిసినవాళ్ళు రాయాలి, నా వల్ల కాదు.

ఇంతకీ తూచేది ఎవరు? మేం ఏడుగురమేనా? ఈ నగరంలోనే 1965 మే 6న, అర్ధరాత్రి, దిగంబర కవుల మొదటి సంపుటి వచ్చింది. ఆవిష్కరించింది నాంపల్లి పాండు, రిక్షా కార్మికుడు. మంత్రుల్నీ ఆచార్యుల్నీ పక్కకి నెట్టి రిక్షా తొక్కే మనిషి చేతిలో పుస్తకం పెట్టడం అప్పటికి చెంపదెబ్బ లాంటి పనే. తెలుగు కవిత్వ చరిత్ర రాసినవాళ్ళంతా ఈ సంగతి రాశారు. పాండు పేరు చరిత్రలో నిలిచింది, ఆవిష్కర్తగా. మనం చెప్పుకునే కథలో పాండు పుస్తకం పట్టుకుంటాడు, ఫొటో లాగా అక్కడే నిలబడిపోతాడు. చదివించుకుని విని, ఇది బాగుంది, ఇది బాగాలేదు అనే మనిషిగా మన కథలో ఆయన లేడు. చేతిలో పుస్తకం పెట్టడం ఒక గౌరవం. ఎట్లుంది అని అడిగి, చెప్పింది విని, దిద్దుకోవడం ఇంకో గౌరవం. మొదటిది ఆవిష్కరణ రోజునే అయిపోతుంది, రెండోది ఇబ్బంది పెడుతుంది.

బీడీల కవిత తమ్ముడు మా గదిలో జరిగింది విన్నాక రెండు వారాలు ఫోన్ ఎత్తలేదు. తర్వాత వచ్చాడు. మూడో చరణం తీసేయలేదు. ‘ఊర్ల బీడీ కార్మికుల మీటింగ్‌ల చదివితే ఆడోళ్ళంత ఆడ్నే లేచి నిలబడ్డరన్నా, మీ రూముల ఏడుగురి కోసం నేనెందుకు తీసెయ్యాలె’ అన్నాడు. నేను భూమాత గురించి మళ్ళీ చెప్పాను. వాడు అందెశ్రీ గురించి చెప్పాడు. ఇద్దరం తెగే దాకా లాగాం. ఇప్పటికీ ఆ చరణం ఉండకూడదనే నా పట్టు, ఉండాలనే వాడి పట్టు.

అయితే సెలవులకి ఇంటికి పోయినప్పుడు కవిత మొత్తం వాళ్ళ అమ్మకి చదివి వినిపించాడట. ఆమె చాటలోంచి తల ఎత్తకుండా విన్నదట. భూమాత దగ్గర ఏమీ అనలేదట. రెండో చరణంలో కట్టలు కట్టే చోట మాత్రం ఆపిందట.

“కట్టకు ఇరవై అని రాసినవేందిరా? ఇరవై ఐదు గదా. ఐదు బీడీలు ఎవనికి పెట్టినవ్?”

వాడికి తెలియక కాదు, లయ కోసం ఇరవై అన్నాడు. మా గదిలో రెండుసార్లు చదివినా ఆ అంకె మీద మాటే రాలేదు. ఇప్పుడు ఇరవై ఐదు అని పెడితే పంక్తి కుంటుతోందని, ముందు వెనకల మాటలన్నీ మార్చుకుంటూ మూడు వారాలుగా కుస్తీ పడుతున్నాడు. నిన్న రాత్రి ఇంకో రూపం పంపాడు. ఇంకా కుదరలేదు.